నలభై ఒక్క ఫెయిళ్ళు

పిట్ట బడికి బయలుదేరేలోగా వాళ్ళమ్మ నోట కనీసం ఓ పన్నెండు "ఒకవేళ"లు దొర్లాల్సిందే. ఆ రోజూ అంతే.

"గొడుగు పెట్టుకున్నావా?"

"ఎండ కాస్తోందమ్మా."

"ఒకవేళ మబ్బేస్తే?"

"పెట్టుకుంటాలే."

"ఒకవేళ బస్సు రాకపోతే?"

"నడిచి వెళ్తా."

"ఒకవేళ దారిలో చెప్పు తెగితే?"

కిటికీ పక్కన కూర్చుని టీ ఊదుకుంటున్న నానమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "తెగితే చేత్తో పట్టుకుని నడుస్తుందిలేవే! నీ ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పేసరికి బడి వదిలే గంట కొడతారు."

"మీకేం అత్తయ్యా, మీరు నవ్వేస్తారు. ఏదైనా జరిగితే పరిగెత్తాల్సింది నేను."

"ఒకవేళమ్మగారూ, నా అన్నం డబ్బా కూడా కాస్త ఇప్పిస్తారా?" అన్నాడు బూట్ల లేసులు కట్టుకుంటున్న భర్త. ఆయన లిఫ్టు మెకానిక్. పెళ్ళయిన మొదటి నెలలోనే భార్యకు ఆ పేరు పెట్టేశాడు. పదిహేడేళ్ళయినా అది పాతబడలేదు.

ఆమెకూ కోపం రాదు. ఆ భయంతోనే కదా ఆమె బతుకు నడుస్తోంది! డ్రైక్లీనింగ్ దుకాణంలో ఆమె పని, ఉతకడానికి వచ్చిన బట్టల జేబులు వెతికి, నంబరు చీటీ కట్టడం. అందరూ ఒకసారి వెతికితే ఆమె రెండుసార్లు వెతుకుతుంది. ఒకవేళ పెన్ను ఉండిపోతే? ఒకవేళ అది మిషన్‌లో పగిలితే? ఆమె చేరిన పదకొండేళ్ళలో ఒక్క చొక్కాకూ సిరా మరక అంటలేదని దుకాణం యజమానురాలు కొత్తవాళ్ళకు గొప్పగా చెబుతుంది. వాళ్ళుండేది నాలుగో అంతస్తు. మొగుడు ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, పెళ్ళాం మాత్రం మెట్లెక్కి చస్తుందని కింది ఇంటివాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఒకవేళ మధ్యలో ఆగిపోతే?

పిట్ట అద్దం ముందు జడ వేసుకుంటోంది. ఈలోగా గొడుగు నిజంగా పెట్టుకుందో లేదో చూద్దామని తల్లి సంచీ తెరిచింది. గొడుగు లేదు. పుస్తకాల మధ్య ఒక నీలం అట్ట నోటుబుక్కు కనిపించింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. జేబులు వెతికే చేతులు కదా, ఊరుకోవు.

పేజీ నిండా కూతురి చేతిరాత.

అ.ప. 1 – ఫెయిల్.
అ.ప. 2 – ఫెయిల్.
అ.ప. 3 – ఫెయిల్. ఎందుకో తెలియట్లేదు.
అ.ప. 4 – ఫెయిల్.

ఆమె వేలు కింద పెట్టుకుంటూ వరస దిగింది. పది, ఇరవై, ముప్పై. పక్క పేజీలో చివరి వరస: అ.ప. 41 – ఫెయిల్. ఆ తర్వాత పేజీ తిప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది.

అ.ప. అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె చదువుకునే రోజుల్లో మార్కుల కార్డు మీద ఎర్ర సిరాతో పడేవి సరిగ్గా ఆ రెండక్షరాలే. అంకగణిత పరీక్ష. ఎనిమిదో తరగతిలో ఆ రెండక్షరాల పక్కన మూడుసార్లు ఫెయిల్ అని పడింది, ఆమె చదువు అక్కడితో ఆగిపోయింది. పిట్ట నలభై ఒక్కసార్లు ఫెయిలైంది. ఎవరికీ చెప్పకుండా, కడుపులోనే పెట్టుకుని, రోజూ నవ్వుతూ బడికి వెళుతోంది.

"అమ్మా, సంచీ ఇలా ఇవ్వు. గొడుగు పెట్టావా?"

"ఆఁ, పెడుతున్నా," అంది తల్లి. నోటుబుక్కు ఎక్కడిదక్కడ సర్దేసి, గొడుగు దోపి, సంచీ అందించింది.

బడిలో వచ్చే ఏడాదికి గ్రూపులు ఎంచుకోవాల్సిన వారం అది. పిట్ట కంప్యూటర్ సైన్స్ అని రాసింది, తండ్రి సంతకం పెట్టాడు. తల్లికి అప్పటి నుంచీ కంటి మీద కునుకు లేదు. కంప్యూటరంటే అంతా లెక్కలేనట కదా! పిట్టకు మొన్నటి లెక్కల పరీక్షలో నలభై ఆరు మార్కులు. "ఎలాగోలా నెగ్గుకొస్తుందిలే," అన్నాడాయన. ఎలాగోలా నెగ్గుకురావడం అంటే ఏమిటో, నెగ్గలేక క్లాసులో చివరి బెంచీలో తలదించుకుని కూర్చోవడం అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఆమెకు తెలుసు.

ఆ మధ్యాహ్నం భోజనం వేళ దుకాణం నుంచి సరాసరి బడి ఆఫీసుకు వెళ్ళింది. గుమస్తా కళ్ళజోడు పైకి జరిపి చూశాడు.

"మార్పుకి రేపే ఆఖరు తేదీ అమ్మా. ఏ గ్రూపులోకి మార్చమంటారు?"

"లెక్కలు లేనిది ఏదైనా."

"చరిత్ర గ్రూపులో సీట్లున్నాయి."

"అదే వెయ్యండి బాబూ."

సంతకం పెట్టి బయటపడ్డాక గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. పిల్లను కాపాడుకున్నాననుకుంది.

జాబితా గురువారం నోటీసు బోర్డులో పెట్టారు. ఆ సాయంత్రం నాలుగున్నరకు పిట్ట వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. చెప్పులు కూడా విడవలేదు.

"అమ్మా, నా పేరు చరిత్ర గ్రూపులో ఉంది."

గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది.

"పొరపాటు పడిందేమోనని ఆఫీసులో అడిగాను. మీ అమ్మగారే వచ్చి మార్పించారు కదా అన్నారు. ఆ గదిలో అందరి ముందూ. నువ్వేనా?"

"ముందు కాళ్ళూ చేతులూ కడుక్కో, పాలు కాచాను."

"నువ్వేనా అమ్మా?"

"నేనే."

నానమ్మ మంచం మీద నుంచి లేచి వచ్చింది. పిట్ట ముఖంలో కోపం కన్నా ముందు ఆశ్చర్యం కనిపించింది. చిన్నప్పుడు ఎవరో తోసేస్తే పడి, ఏడవాలా వద్దా అని ఆలోచించే ముఖం.

"ఎందుకు?"

"చరిత్ర మంచిదేనే. హాయిగా చదువుకోవచ్చు. తల పట్టుకోనక్కర్లేదు."

"ఎందుకని అడుగుతున్నా."

"లెక్కలు నీ వల్ల కాదు తల్లీ."

"నలభై ఆరొచ్చాయని ఇంటికొచ్చి చెప్పింది నేనే కదా? దాచానా నీ దగ్గర?"

దాచావు, అనుకుంది తల్లి. నలభై ఒకటి దాచావు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అననివ్వనిది ఒకటుంది. ఆమె తండ్రి ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా ఆమె మార్కుల కార్డు తెప్పించి, పైకి చదివి నవ్వించేవాడు. నా కడుపున పుట్టినదాని ఫెయిళ్ళు నా నోటితో ఎవరి ముందూ చదవను అని ఆమె ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. ఆఖరికి పిట్ట ముందు కూడా.

అందుకని మళ్ళీ తన పాత దారే పట్టింది. "ఒకవేళ మధ్యలో ఆగిపోతే? ఒకవేళ అందరూ ముందుకెళ్ళిపోయి నువ్వొక్కదానివే..."

"చాలమ్మా!" పిట్ట అరిచింది. "ఒకవేళ నాకు వస్తే? అది ఎప్పుడైనా అనుకున్నావా? నీ ఒకవేళల్లో మంచిది ఒక్కటైనా ఉందా?"

కుళాయి కారుతూనే ఉంది. నానమ్మ వెళ్ళి కట్టేసింది.

అప్పుడే మెకానిక్ లోపలికొచ్చాడు. చేతులకింకా గ్రీజు మరకలున్నాయి. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ ముఖాలు చూసి, "ఏమైంది?" అన్నాడు. పిట్ట చెప్పింది. ఆయన భార్య వైపు తిరిగాడు.

"నాతో ఒక్క మాటైనా అనలేదేం? సంతకం పెట్టింది నేను కదా."

"మీకు చెబితే ఒప్పుకోరు."

"అంటే నేను ఒప్పుకోనని తెలిసే చేశావన్నమాట."

ఆయన కేకలేస్తే ఆమె భరించేది. ఆయన కేకలెయ్యలేదు. నెమ్మదిగా వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఒక్క "ఒకవేళ" కూడా వినిపించలేదు. పిట్ట జడ వేసుకుంది, సంచీ తగిలించుకుంది, "వెళ్తున్నా నానమ్మా," అంది. మెకానిక్ తన డబ్బా తనే తీసుకున్నాడు. తల్లి పొయ్యి దగ్గర నిలబడి గోడను చూస్తూ ఉండిపోయింది.

వాళ్ళు వెళ్ళాక నానమ్మ అంది, "ఇల్లు బోసిపోయిందే అమ్మాయ్. గొడుగన్నా అడగకపోయావా?"

"నేను అడగడం వల్లే కదా అత్తయ్యా ఇదంతా."

"అడగడం వల్ల కాదు, అడక్కుండా చెయ్యడం వల్ల." ఆవిడ మాట మెత్తగానే ఉంది. "ఇదిగో, ఒక సంగతి చెప్తా విను. ఇవాళ రెండింటికి బళ్ళో చిన్న క్లాసు పిల్లల్ని కూర్చోబెట్టి కంప్యూటర్ చదువంటే ఏంటో చెప్తారట. టీచరమ్మ మన పిట్టని మాట్లాడమంది. నిన్న అంత ఏడ్చి కూడా, మాటిచ్చాను వెళ్తాను అంది. పెద్దవాళ్ళు కూడా రావచ్చట. వెళ్ళు. వెనకాల ఓ మూల కూర్చుని రా."

"నన్ను చూస్తే దానికి ఇంకా కోపమొస్తుందేమో."

"వస్తే రానీ. కోపమొచ్చినా నీ కూతురే."

దుకాణంలో రెండు గంటలు సెలవడిగి వెళ్ళింది ఆమె. పని మీద వేసుకునే బూడిదరంగు కోటు విప్పడం కూడా మరిచిపోయింది. పొడవాటి హాల్లో ఎనభై మంది దాకా పిల్లలున్నారు, ఎనిమిదీ తొమ్మిదీ తరగతులవాళ్ళు. వెనక వరసలో ఇనప కుర్చీలు వేశారు. ఒక లావుపాటాయన వెనక, స్తంభం చాటున కూర్చుంది.

కంప్యూటర్ టీచరమ్మ పొట్టిగా, గలగలలాడుతూ ఉంది. చేతిలో సుద్దముక్క, కొంగు నిండా సుద్దపొడి.

"కంప్యూటర్ సైన్స్ అంటే కంప్యూటర్ తుడవడం కాదు, ఆటలాడుకోవడమూ కాదు," అందావిడ. "చెప్పింది తప్ప ఇంకేమీ తెలియని వాడొకడున్నాడు. వాడికి బుర్ర లేదు గానీ ఓపిక మాత్రం బోలెడు. అలాంటి వాడితో ఒక పని తప్పు లేకుండా చేయించడం. అంతే. ఎలాగో మా పిట్ట చెప్తుంది."

టీచరమ్మ కూడా ఇంట్లో పిలిచినట్టు పిట్ట అనే పిలుస్తుందని తల్లికి అప్పుడే తెలిసింది.

పిట్ట ముందుకొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొంతు మొదట సన్నగా పలికింది, తర్వాత నిలదొక్కుకుంది. "నేను ఒక లిఫ్టుకి బుర్ర రాశాను," అంది. గోడ మీది తెర మీద ఎనిమిది అంతస్తుల గీత, అందులో ఒక చిన్న పెట్టె కనిపించాయి. "ఈ పెట్టె ఇప్పుడు ఐదో అంతస్తులో ఉంది. రెండో అంతస్తులో ఒకరు, ఏడో అంతస్తులో ఒకరు బటన్ నొక్కారు. ముందు ఎటు వెళ్ళాలి? మనకైతే తోస్తుంది. దీనికి తోచదు. మనమే చెప్పాలి."

ముందు వరసలో రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది. "అక్కా, లెక్కలు ఎంత రావాలి? మా ఇంట్లో లెక్కలు రాకపోతే అటు చూడనే వద్దన్నారు."

తల్లి కుర్చీ అంచు పట్టుకుంది.

"నాకు మొన్న నలభై ఆరొచ్చాయి," అంది పిట్ట. హాలంతా నవ్వింది. పిట్ట కూడా కాస్త నవ్వింది. "ఐదు నుంచి రెండుకి ఎంత దూరం? తీసివేత. ఐదు నుంచి ఏడుకి? మళ్ళీ తీసివేత. ఏది తక్కువ? చూసుకోవడం. ఈ లిఫ్టులో నేను వాడిన లెక్క అంతే. మిగతాదంతా 'ఇలా అయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి' అనేదే."

"ఆగాగు, సగమే చెప్పావు," అంది టీచరమ్మ. "మిగతా సగం నేను చెప్పకపోతే వీళ్ళు రేపు నన్ను తిడతారు. ఈ లిఫ్టులో ఇరవై మంది, ఇరవై అంతస్తులు అనుకోండి. ఎవర్ని ముందు దించాలి, ఎవర్ని తర్వాత? అన్ని వరసలూ వేసి చూసి మంచిది ఎంచుకోమందామా? క్షణానికి వంద కోట్ల వరసలు చూసే యంత్రాన్ని పెట్టినా, అన్నీ చూడడానికి డెబ్బై ఏడేళ్ళు పడుతుంది. పాపగా ఎక్కిన పిల్ల ముసలమ్మై దిగుతుంది!"

పిల్లలు గొల్లుమన్నారు.

"యంత్రాన్ని ఆన్ చెయ్యకుండానే ఆ సంగతి చెప్పేది లెక్కే. ఆటలో బంతి గాల్లో వంపు తిరగాలన్నా, ఫోను మీ ముఖం గుర్తుపట్టాలన్నా లెక్కే. కాబట్టి అబద్ధం చెప్పను. మొదటి రోజు కొంచెమే కావాలి. ముందుకెళ్ళేకొద్దీ ఎక్కువ కావాలి. కాకపోతే అది ఎందుకో తెలిశాక నేర్చుకుంటారు. ఎందుకో తెలియకుండా బట్టీ పట్టడం వేరు, అవసరపడి నేర్చుకోవడం వేరు."

రెండు జడల పిల్లకు తృప్తి కలగలేదు. "మరి వెంటనే కావాల్సింది ఏంటక్కా?"

పిట్ట సంచీలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీసి, తెర మీద కనిపించేలా కెమెరా కింద పెట్టింది.

తల్లి కుర్చీలోంచి సగం లేచింది. ఆ రెండు పేజీలూ గోడంత పెద్దవైపోయాయి. అ.ప. 1 – ఫెయిల్. అ.ప. 2 – ఫెయిల్. ఎనభై మంది ముందు. ఒద్దే తల్లీ, ఎందుకే, అని అరవబోయింది.

"అమ్మో, ఇన్ని ఫెయిళ్ళా!" అన్నారెవరో.

"ఇవి నేను ఫెయిలైనవి కాదు," అంది పిట్ట. "నేను పెట్టిన పరీక్షలు. ఫెయిలైంది నా లిఫ్టు. టీచర్ ఆరు పరీక్షలు పెట్టమన్నారు. ఆరూ పాసైంది. పని అయిపోయింది, ఎగిరి గంతేశాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మెట్లెక్కుతుంటే... మాది నాలుగో అంతస్తు. మా అమ్మ లిఫ్టెక్కదు. భయం. నన్నూ తనతో పాటు మెట్లెక్కిస్తుంది. ఎక్కుతున్నంతసేపూ అడుగుతూనే ఉంటుంది. ఒకవేళ ఇద్దరు ఒకేసారి నొక్కితే? ఒకవేళ చిన్నపిల్లలు బటన్లన్నీ నొక్కేస్తే? ఒకవేళ నొక్కినావిడ విసుగొచ్చి మెట్లెక్కి వెళ్ళిపోతే, పాపం అది వచ్చి ఎవరి కోసం నిలబడాలి? చిన్నప్పటి నుంచీ వింటున్నవే. ఆ రోజు కూర్చుని గుర్తొచ్చినవన్నీ రాశాను. నలభై ఒకటి తేలాయి. నా లిఫ్టు ఒక్కదానికి కూడా నిలబడలేదు."

"అ.ప. అంటే ఏంటక్కా?"

పిట్ట తల వంచుకుంది.

"అమ్మ పరీక్ష," అంది.

"ఒక్కోటీ సరిచేసి మళ్ళీ పెట్టాను." పిట్ట పేజీ తిప్పింది. తల్లి తిప్పలేకపోయిన పేజీ. అ.ప. 1 – పాస్. అ.ప. 2 – పాస్. వరసగా కింద దాకా పాస్, పాస్, పాస్.

"ఇందాక ఏం కావాలి అన్నావు కదా," అంది పిట్ట ఆ పిల్లతో. "ఇది కావాలి. అంతా బాగుందనిపించినప్పుడు కూడా ఎక్కడ చెడుతుందో అడగడం. నాకు ఇది ఇంట్లో వచ్చింది. నేను ఇప్పుడు ఆ గ్రూపులో లేను. మీరెవరైనా చేరితే... మీ ఇంట్లో భయపడేవాళ్ళుంటే వాళ్ళని విసుక్కోకండి. వాళ్ళనేది రాసుకోండి." ఆ మాట అని నోటుబుక్కు తీసుకుని గబగబా పక్కకు వెళ్ళిపోయింది.

వెనక వరసలో ఇనప కుర్చీ ఒకటి దభీమని పడింది. అందరూ తిరిగి చూశారు. బూడిదరంగు కోటులో ఒకావిడ, పడిన కుర్చీని లేపబోయి, లేపలేక, రెండు చేతులతో ముఖం కప్పుకుని నిలబడి ఉంది.

పదహారేళ్ళుగా తన బిడ్డకు భయం తప్ప ఇంకేమీ ఇవ్వలేకపోయానని ఆమె ప్రతి రోజూ కుమిలిపోయేది. ఆ భయాన్నే పిల్ల ఒక్కటీ పారెయ్యకుండా ఏరుకుంది. అంకెలు వేసి, పేరు పెట్టి, నలభై ఒక్క చోట్ల పనికి తెచ్చుకుంది. అటువంటి పిల్లనా తను నమ్మనిది!

పిట్ట పరుగున వచ్చింది. "అమ్మా? నువ్వెప్పుడొచ్చావ్?"

"నేను చూశానే. ఆ రోజు నీ సంచీలో చూశాను. అ.ప. అంటే... అంకగణిత పరీక్ష అనుకున్నాను. నువ్వు నలభై ఒక్కసార్లు ఫెయిలయ్యావనుకున్నాను."

"అంకగణితమా?" పిట్ట కళ్ళు పెద్దవి చేసింది. "ఆ మాట ఎక్కడిదమ్మా? ఎవరంటారు ఇప్పుడు అలా?"

"మా రోజుల్లో అనేవాళ్ళు."

"నలభై ఒక్కసార్లు ఫెయిలైతే నన్ను బళ్ళో ఉంచుతారా?"

"ఏమోనే, నాకేం తెలుసు!"

పిట్టకు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. "నిన్న నన్ను అడగొచ్చు కదమ్మా."

"నువ్వు సిగ్గుపడతావని అడగలేదు. తప్పయిపోయింది తల్లీ."

పిట్ట తల్లి కోటుకు అంటుకున్న నంబరు చీటీ ఒకటి ఊడదీసి, ఆమె చెయ్యి పట్టుకుంది.

టీచరమ్మ దగ్గరికొచ్చే దాకా ఆగి, తల్లి రెండు చేతులూ జోడించింది. "అమ్మా, మీరు చెప్పిందంతా విన్నాను. నా తెలివితక్కువతనానికి పిల్ల సీటు పోయిందా?"

"పోలేదు. ఖాళీ అయిన సీట్లు సోమవారం గానీ వేరేవాళ్ళకివ్వరు. ఇవాళే కాయితం రాసివ్వండి," అందావిడ. "అయితే ఒక మాట. నలభై ఆరు చాలదు. ఊరికే ధైర్యం చెప్పి పంపను. రేపటి నుంచి పొద్దున ఏడింటికి నా దగ్గరికి రావాలి, గంటసేపు లెక్కలు చేయాలి. కొన్ని రోజులు ఏడుపొస్తుంది. ఏడుపొచ్చినా రావాలి."

"మీరు పొద్దున్నే దాని కోసం రావడమా?"

"దాని కోసమే కాదు, అలాంటివాళ్ళు ఇంకో ఐదుగురున్నారు. లెక్కలు రాని పిల్లలు నాకు దొరుకుతారమ్మా, లోకంలో కొదవ లేదు. ఎక్కడ చెడుతుందో వెతికే పిల్లలు దొరకరు. మీరు పెంచి ఇచ్చారు."

తల్లి ఆవిడ చేతి సుద్దపొడిని తన కోటు అంచుతో తుడిచింది.

ఆఫీసులో గుమస్తా కాయితం ముందుకు తోశాడు. "మళ్ళీ మారుస్తున్నారా? కారణం రాయాలి. చోటు కొంచెమే ఉంది, పొట్టిగా రాయండి." ఆమె చాలాసేపు ఆలోచించి రాసింది: తల్లి పొరపాటు. గుమస్తా చదివి, కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. "పాతికేళ్ళలో ఈ కారణం ఎవరూ రాయలేదమ్మా," అని, ముద్ర గట్టిగా వేశాడు.

బయటికొచ్చి భర్తకు ఫోన్ చేసింది. "ఏమండీ, నేను తప్పు చేశాను. సరిచేశాను."

"ఎక్కడున్నావ్?"

"బళ్ళో."

"పిట్ట పక్కనుందా?"

"ఉంది."

"అయితే సరిపోయింది," అన్నాడాయన. అవతల ఏదో యంత్రం మోగుతోంది, ఆయన గొంతులో నవ్వు తెలుస్తూనే ఉంది.

బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆమె పక్క కొట్లో ఒక చాక్లెట్ బార్ కొనిచ్చింది. పిట్ట దాని కాయితం విప్పుతూ అడిగింది:

"అమ్మా, నీకు లెక్కలు అసలు ఎక్కడ ఆగిపోయాయి?"

ఆమెను తండ్రి తిట్టాడు, పంతులు కొట్టాడు, తోటిపిల్లలు నవ్వారు. ఎక్కడ ఆగిపోయావని ఒక్కరూ అడగలేదు. ముప్పై ఏళ్ళ కిందటి నల్లబల్ల ఆమె కళ్ళ ముందుకొచ్చింది.

"భిన్నాల దగ్గర," అంది నెమ్మదిగా. "సగమూ, మూడో వంతూ కలపమనేవారు. కింద అంకెలు వేరువేరుగా ఉంటే ఎలా కలుపుతారో నాకు ఎన్నడూ తెలియలేదు."

పిట్ట చాక్లెట్‌ను ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టింది. రెండు వరసలు, వరసకు మూడేసి గళ్ళు. "ఇందులో సగం ఎన్ని గళ్ళు?"

"మూడు."

"మూడో వంతు?"

ఆమె వేలితో లెక్కపెట్టింది. "రెండు."

"కలుపు."

"ఐదు." ఆమె ఆగింది. "ఆరింటిలో ఐదు."

"అంతే."

"అంతేనా?"

"అంతేనమ్మా. సగాన్నీ మూడో వంతునీ వాటి మానాన వాటిని కలపలేం. రెండిటినీ ఒకే గళ్ళలోకి తెచ్చుకుంటే చాలు."

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరూ లేవలేదు. డ్రైవరు ఒక క్షణం చూసి వెళ్ళిపోయాడు.

"ఇంకొకటి చెప్పు," అంది తల్లి, కళ్ళు తుడుచుకుని, పిల్లకు దగ్గరగా జరుగుతూ.